మోటర్ వేస్తే గేటు సైరన్ మోగుతోంది, కాస్త చెప్పండి

అన్నలూ, ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరే ఉంటారని గేటుకి మ్యాగ్నెట్ సెన్సర్ పెట్టి 15 మీటర్ల వైరు లాగి ఈఎస్పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డు 34వ పిన్నుకి ఇచ్చా, అక్కణ్ణించి వైఫై మీద ఇంటి పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్‌కి పోతుంది. తెల్లారుజామున నాన్న బోరు స్టార్టర్ పచ్చ బటన్ నొక్కగానే గేటు మూసే ఉన్నా సైరన్ మోగుతోంది, అమ్మ ఉలిక్కిపడి లేస్తోంది, అసలే బీపీ మనిషి. ఒక్కోసారి గేటు తీసినా మూసినట్టే చూపిస్తోంది. సెన్సర్ వైరు, మోటర్ కేబులు ఒకే పైపులో తోశాను, అదే తప్పేమో. పైగా 34 నుంచి 39 పిన్నులకి లోపల పుల్ అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్ను వోల్టేజీ ఊగకుండా పైన నిలిపే రెసిస్టర్) ఉండదని నిన్ననే తెలిసింది. బయట 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెడితే సరిపోతుందా, వైరు కూడా వేరే పైపులోకి మార్చాల్సిందేనా? శనివారం ఊరెళ్తున్నా, సామాను ఇక్కడే కొనుక్కుని పోవాలి.