సెక్యూరిటీ లేబుల్‌ను చంపే పని స్కానర్‌కే కట్టెయ్యాలా, వద్దా? సూపర్‌మార్కెట్ వాళ్లు, బిల్లింగ్ చేసేటోళ్లు చెప్పుండ్రి

హన్మకొండ_దుకాణం
అందరికీ నమస్తే. హన్మకొండల మాది మూడు కౌంటర్ల సూపర్‌మార్కెట్. రేజర్ బ్లేడ్లు, ఫేస్‌వాష్‌లు, పిల్లల పాలపొడి, పెద్ద చాక్లెట్లు, గివన్నీ కంప్యూటర్ల ఉన్నయంటది, ర్యాక్‌ల చూస్తే ఉండయి. అందుకే డోర్ కాడ గేట్లు పెట్టి సామాన్‌కు సెక్యూరిటీ లేబుల్స్ అంటిద్దామనుకుంటున్న. గేట్లు అమ్మేటాయన రెండు తీర్ల చెప్పిండు. ఒకటి, కౌంటర్ల ప్యాడ్ పెడితే దాని మీదికెళ్లి సామాన్ పోంగనే లేబుల్ చచ్చిపోతది, అంటే గేట్ ఇగ మోగదు, బార్‌కోడ్ కొట్టినా కొట్టకున్నా. రెండోది, ప్యాడ్‌ను స్కానర్‌కు కలిపి, స్కానర్ బీప్ అన్నంకనే లేబుల్ చచ్చేటట్టు పెట్టుడు. దీనికి పైసలెక్కువ, బిల్లింగ్ నిమ్మళం అయితదని మా పార్ట్‌నర్ ఒప్పుకుంటలేడు. నాకైతే రెండోదే మంచిగనిపిస్తుంది. మీరేమంటరు?

కరీంనగర్_స్కానర్
రెండోదే పెట్టుండ్రి అన్నా. నేను బిల్లింగ్ మిషన్లు, స్కానర్లు ఫిట్ చేస్త, పెద్దపల్లి జగిత్యాల దిక్కు తిరుగుత. బార్‌కోడ్ ఉండంగ గేట్ ఎందుకు మోగదని చాన మంది అడుగుతరు. 890తో మొదలయ్యే 13 అంకెల నంబర్ అది ఏ కంపెనీది, ఏ సామాన్ అని చెప్తది, అంతే. అదే సబ్బు లక్ష ముక్కలున్నా అన్నిటికీ అదే నంబర్, పైగా అవి సిరాతోటి అచ్చేసిన గీతలు, గేట్‌కు కనబడయి. గేట్‌కు కనబడేది లేబుల్. చదరంగ ఉండే స్టిక్కర్ల లోపట తీగ చుట్టు, చిన్న కెపాసిటర్ ఉంటయి, 8.2 మెగాహెర్ట్జ్ కాడ పలుకుతది, ప్యాడ్ గట్టి సిగ్నల్ ఇచ్చి ఆ కెపాసిటర్‌ను షార్ట్ చేస్తది. సన్నగ పొడుగ్గ ప్లాస్టిక్‌ది ఉంటది చూడు, అది 58 కిలోహెర్ట్జ్‌ది, దాంట్ల లోహం పట్టీ వణుకుతది, పక్కన అయస్కాంతం పట్టీ ఉంటది, ప్యాడ్ ఆ అయస్కాంతం గుణం తీసేస్తది. రెండిట్ల ఏదైనా సరే, బిల్లు అయ్యిందా లేదా స్కానర్‌కు కట్టని వట్టి ప్యాడ్‌కు తెల్వదు. కౌంటర్ కాడికి తెలిసినోడు వచ్చిండనుకో, ఆరు సామాన్లు ప్యాడ్ మీదికెళ్లి జరిపి నాలుగే స్కాన్ కొడితే గేట్ నోరు మెదపదు. పెట్టిన పైసలు గంగల పోసినట్టే.

బిల్లింగ్_అక్క
తమ్మీ, నువ్వు మొదలుపెట్టుడే క్యాషియర్ దొంగ అన్నకాడికెళ్లి మొదలుపెట్టినవ్. నేను వరంగల్ల ఒక పెద్ద మాల్‌ల బిల్లింగ్ చేసిన, పేరు చెప్ప. అక్కడ వట్టి ప్యాడే ఉండె. గేట్ మోగితే ముందుగాల మమ్మల్నే పిలుస్తుండె, నువ్వే సరిగ్గ ప్యాడ్ మీద పెట్టలే అని. స్టాక్ తక్కువ పడితే నెలాఖరుకు అందరి జీతాలల్ల కోస్తుండె. ఇగ స్కానర్‌కు కట్టేస్తే, గేట్ మోగిన ప్రతిసారి నువ్వు స్కానే చెయ్యలే అంటరు, అది ఇంకా పెద్ద మాట. బతుకమ్మ, దసరా ముంగట లైన్ డోర్ దాక ఉన్నప్పుడు ఒకటే తీరు సబ్బులు పన్నెండు వస్తే ఒకటి స్కాన్ చేసి 12 కొడ్తం, ఎక్కడైనా గదే చేస్తరు. అట్ల చేస్తే ఒక్క లేబులే చస్తది, పదకొండు బతికే ఉంటయి, గేట్ కాడ గిరాకీ పరువు పోతది, తిట్లు మాకు. ఇంకో మాట. జీడిపప్పు ప్యాకెట్ మీద పల్లీల స్టిక్కర్ అంటించుకొని వస్తరు కొందరు. స్కానర్ బీప్ అంటది, మీ కట్టేసిన లేబుల్ మర్యాదగ చస్తది, గేట్ మోగదు. అది పట్టేది మా కన్ను, స్క్రీన్ మీద పేరు చూసి. అంత నమ్మకంలేని మనిషిని గల్లా కాడ ఎందుకు కూసుండబెడుతున్నరు మరి?

కాజీపేట_గిరాకీ
మీ ఇద్దరి నడుమ మా సంగతి ఎవ్వరు మాట్లాడుతలేరు. మా అమ్మతోటి ఒక షాపుకు పోతే లోపటికి అడుగు పెట్టంగనే గేట్ మోగింది. పొద్దుగాల వేరే దుకాణంల కొన్న క్రీమ్ డబ్బకు లేబుల్ బతికే ఉన్నదట, ఏ దుకాణందైనా ఆ గేట్‌కు ఒక్కటే కదా. సెక్యూరిటీ ఆయన అందరి ముంగట బ్యాగ్ కింద గుమ్మరించిండు. బిల్లు చూపెట్టినంక సారీ కూడ లేదు. మా అమ్మ మల్ల ఆ మెట్లెక్కలే. గేట్ మోగినంత మాత్రాన మనిషిని ఆపి వెతికే హక్కు షాపోళ్లకు ఎక్కడిది? పోయే మనిషికి అన్యాయంగ అడ్డం నిలబడుడు భారతీయ న్యాయ సంహిత 126ల నేరమే. మీరు వైర్ కట్టుండ్రి, కట్టకుండ్రి, నాకైతే గేట్లే వద్దు.

బట్టలషాపు_వరంగల్
బట్టలల్ల ఈ లొల్లి తక్కువ. గట్టి ప్లాస్టిక్ ట్యాగ్ పెడ్తం, బిల్లు అయినంక అయస్కాంతం మిషన్‌తోటి తీసి మల్ల వేరే దానికి వాడుతం, చచ్చుడు బతుకుడు లేదు. పట్టు చీరెకు మాత్రం పిన్ గుచ్చం, బొక్క పడితే చీరె వాపస్ వస్తది. కిరాణా వేరే లెక్క, పది రూపాయల బిస్కెట్‌కు లేబుల్ అంటిస్తే ఇంక మిగిలేదేంది?

నర్సంపేట_కిరాణం
అన్నా, దొంగ ముంగటి డోర్‌కెళ్లే పోతున్నడని నీకు ఎవరు చెప్పిండ్రు? ముందు అది తేల్చు. సప్లయర్ బిల్లుల 24 అని ఉంటది, డబ్బ విప్పితే 22 ఉంటయి, దించుకునేటప్పుడు ఎవ్వరు స్కాన్ చెయ్యరు. డేట్ అయిపోయినయి తీసి మూలకు పడేస్తరు, కంప్యూటర్ల తియ్యరు. ఎర్ర ఫేస్‌వాష్ రెండు, పచ్చది ఒకటి వస్తే ఎర్రదే మూడు కొడ్తరు, అప్పుడు ఒక దాంట్ల తక్కువ ఒక దాంట్ల ఎక్కువ చూపెడ్తది, దొంగ పడ్డట్టే అనిపిస్తది. నీ దగ్గర స్కానర్ ఉంది కదా, దాన్ని గోదాంల వాడు. పోతున్నయి అనిపించే సామాన్ రోజూ రాత్రి దుకాణం బంద్ చేసినంక లెక్కవెట్టు. రేజర్లు కౌంటర్ ఎనకకు పెట్టు. మేమట్లనే చేస్తున్నం, గేట్ అక్కెర పడలే. కాజీపేట ఆయన అమ్మకు అయినట్టు నా గిరాకీకి అయితే నర్సంపేటల నేను తలెత్తుకొని తిరగలేను.

కరీంనగర్_స్కానర్
అక్కా, పన్నెండు సబ్బుల మాట నిజమే, అందుకే సబ్బుకు లేబులే వద్దంటున్న. లేబుల్ పెట్టిన సామాన్‌కు క్వాంటిటీ కొట్టుడు సాఫ్ట్‌వేర్లనే బంద్ పెట్టొచ్చు, ఒక్కోటి స్కాన్ చేస్తేనే తీసుకుంటది, పాలపొడి డబ్బలు ఎవ్వరు పన్నెండు కొనరు కాబట్టి లైన్ ఆగదు. జీడిపప్పు స్టిక్కర్ మాట కూడ కరెక్టే, దానికి నీ కన్నే మందు. గని క్యాషియర్ మీద దొంగ ముద్ర పడే సంగతి నాకు ఉల్టా అనిపిస్తది. వట్టి ప్యాడ్ ఉన్నకాడ గేట్ మోగితే బిల్లు చెయ్యలేదా, ప్యాడ్ మీద సరిగ్గ పడలేదా తెల్వదు, ఎవరి నోరు పెద్దగుంటే వాళ్లదే మాట. మోగకుంటే బిల్లు అయ్యిందని కూడ చెప్పలేం. కట్టేసినకాడ మోగితే బిల్లు తీసి చూస్తే సరిపాయె. సామాన్ బిల్లుల ఉంటే బీప్ అయినంక ప్యాడ్‌కు దూరంకెళ్లి పోయిందన్నట్టు, మిషన్ సంగతి, నీ మీద మాట రాదు. రుజువు నీ చేతుల ఉంటది.

హన్మకొండ_దుకాణం
నర్సంపేట అన్న చెప్పిన గోదాం మాట మనసుకు పట్టింది, అది రేపటికెళ్లే మొదలు. కరీంనగర్ తమ్మీ, రేకు డబ్బలకు లేబుల్ పని చేస్తదా? ఎక్కడ అంటించాలె?

కరీంనగర్_స్కానర్
8.2ది రేకు డబ్బ మీద అంటిస్తే గేట్‌కు కనబడదు, చాక్లెట్ లోపటి అల్యూమినియం కాగితం కూడ దాన్ని మింగుతది. అసొంటియి ఎక్కువుంటే 58ది కొంత నయం, గని దాన్ని వంచొద్దు, ఒత్తొద్దు, లోపటి పట్టీ వణకడానికి జాగ ఉండాలె. గేట్లు ఏ రకంవో లేబుల్స్ కూడ అదే రకంవి తెచ్చుకో, ఒకదానికి ఒకటి పలకదు. అంటించేటప్పుడు అసలు బార్‌కోడ్ మీద, ఎమ్మార్పీ, డేట్ మీద అస్సలు పెట్టొద్దు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఎమ్మార్పీ గిరాకీకి కనబడాల్సిందే. ఇంకోటి, కొన్ని లేబుల్స్ మీద ఉత్తుత్తి బార్‌కోడ్ గీతలు అచ్చేసి వస్తయి, లేబుల్ అని గుర్తుపట్టొద్దని. కొత్తగ వచ్చిన పిల్లలు స్కానర్ దాని మీద పెట్టి బీప్ వస్తలేదని తిప్పలు పడుతరు, నువ్వు తెల్ల లేబుల్ తీసుకో. కాజీపేట అన్న చెప్పింది అబద్ధం కాదు. షార్ట్ అయిన 8.2 లేబుల్ వంగితే ఒక్కోసారి మల్ల బతుకుతది, అందుకే గేట్ మోగుడు దొంగతనానికి రుజువు కాదు. మోగితే సెక్యూరిటీ బ్యాగ్ ముట్టొద్దు, కౌంటర్ కాడికి రమ్మని బిల్లు చూసి, ఆ సామాన్ మల్ల ప్యాడ్ మీద పెట్టి పంపాలె. గీ మాట ముందుగాల రాసి గోడకు పెట్టు.

బిల్లింగ్_అక్క
బిల్లు చూసుడు గిరాకీకి ఒక్కదానికేనా, మాకు కూడనా? అన్నా, నువ్వు ఏదైనా పెట్టుకో, గని స్టాక్ తక్కువైతే జీతం కొయ్య అని కూడ ఆ గోడ మీదనే రాయి. ఆ మనిషికి అప్పజెప్పిన సామాన్ అయ్యుండాలె, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లనే పోయి ఉండాలె, ముందు ఆ మనిషి మాట వినాలె, అప్పుడే కోసుడు. 1936 జీతాల చట్టం కాడికెళ్లి ఇదే రూలు. ర్యాక్‌లకెళ్లి ఎవడో జేబుల పెట్టుకపోతే కౌంటర్ల ఉన్న పిల్ల జీతం ఎట్ల కోస్తరు?

హన్మకొండ_దుకాణం
కొయ్య అక్కా, మా దగ్గర ఇప్పటిదాక ఎవ్వరికి కొయ్యలే, రాసి కూడ పెడ్త. దసరా దాక స్కాన్ చేసి లెక్కవెడ్త. అప్పటికీ పాలపొడి, రేజర్లు పోతనే ఉంటే ఆ రెండు ర్యాక్‌లకే లేబుల్, స్కానర్‌కు కట్టేసిన ప్యాడే, క్వాంటిటీ బంద్. పార్ట్‌నర్‌కు ఈ థ్రెడ్ పంపిన, వట్టి ప్యాడే చాలు అని ఇంకా అంటున్నడు.

నర్సంపేట_కిరాణం
పాలపొడి గూడ కౌంటర్ ఎనకకే పెట్టు అన్నా, అడిగినోళ్లకు తీసిద్దువు. గేట్ కొనే పైసలు మిగుల్తయి.

బిల్లింగ్_అక్క
పండుగ లైన్ల తీసిచ్చేటోళ్లు ఎవరు? ఇంకో మనిషిని పెట్టుకుంటే సరే.