ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు రెండే కొత్త టైర్లు కొంటే ముందు వేయాలా, వెనక వేయాలా?

ముందుచక్రం:
నా కారు ముందు టైర్లు అరిగిపోయాయి, వెనకవి సగం అరిగాయి. రెండు కొత్తవి కొని ముందు వేయమంటే దుకాణంవారు ససేమిరా అన్నారు. కొత్తవి వెనక వేసి, వెనకవి ముందుకు మారుస్తామన్నారు. ఇంజన్, గేర్‌బాక్స్ బరువు ముందే ఉంది. కారును లాగేవి ముందు చక్రాలే, తిప్పేవి అవే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేవీ అవే. ఇన్ని పనులు చేసే చక్రాలకు పాత టైర్లిచ్చి, వెంట దొర్లే చక్రాలకు కొత్తవి తొడగడంలోని తర్కం ఎవరైనా చెప్పగలరా?

తడిదారి:
దుకాణంవారు సరిగ్గానే చెప్పారు. మిషెలిన్ వంటి టైర్ల తయారీ సంస్థలు చెప్పేదీ అదే. ముందు పట్టు తప్పితే అండర్‌స్టీర్ వస్తుంది, అంటే స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగక మలుపు బయటి అంచువైపు పోతుంది. అప్పుడు బెదిరిన మనిషి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు, వేగం తగ్గి బరువు ముందుకు వస్తుంది, చాలాసార్లు పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక పట్టు తప్పినప్పుడు అదే పని చేస్తే, వెనక చక్రాల మీద ఉన్న కాస్త బరువు కూడా తగ్గిపోయి కారు గిర్రున తిరుగుతుంది.

ముందుచక్రం:
ఓవర్‌స్టీర్ అనేది, అంటే మీరు చెప్పిన ఆ వెనక జారి కారు తిరిగిపోవడం, ఇంజన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లే కార్ల జబ్బు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు దానిని అంటగట్టకండి. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందన్నదే నా ప్రశ్న.

నిదానం:
నాలుగూ ఒకేసారి మార్చేయండి, ఈ గొడవే ఉండదు.

పాతస్టీరింగ్:
ముందుచక్రం గారూ, 1980లలో వచ్చిన ప్యూజో 205 జీటీఐ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారే. మలుపు మధ్యలో కాలు తీస్తే వెనక భాగం బయటికి వచ్చేస్తుందన్నది దానికున్న పేరు. ర్యాలీ డ్రైవర్లయితే ఈ గుణాన్ని కావాలనే వాడుకున్నారు. సాబ్ కారుతో 1962, 1963లలో మాంటె కార్లో ర్యాలీ గెలిచిన ఎరిక్ కార్ల్‌సన్, కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కుతూనే ఎడమకాలితో బ్రేకు నొక్కి కారు వెనక భాగాన్ని తిప్పేవారు. కాబట్టి ఆ జబ్బు మన కార్లకు రాదనడం సరికాదు. (ఎడమకాలి బ్రేకును రోడ్డు మీద ప్రయత్నించవద్దని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.)

తడిదారి:
మీరు చేయాలనుకుంటున్నదే నేనూ ఒకసారి చేశాను. కొత్తవి ముందు, అరిగినవి వెనక వేయించి వర్షంలో వెళ్తుంటే, స్టీరింగ్ గట్టిగా పట్టు ఇస్తున్నందువల్ల రోడ్డు ఎంత జారుతోందో నాకు తెలియనే లేదు. మలుపులో నీరు నిలిచినచోట వెనక టైర్లు తేలిపోయాయి, కారు ఎదురుదిశకు తిరిగి నిలబడింది. ముందు టైర్లు పాతవై ఉంటే అవే ముందుగా జారి హెచ్చరించి ఉండేవి.

ముందుచక్రం:
మీరు వేగంగా వెళ్లి, తప్పు టైర్ల మీద వేస్తున్నారు. వెనక జారితే జారినవైపుకే స్టీరింగ్ తిప్పి, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వాలి. ముందు చక్రాలు కారును లాగి సరిచేస్తాయి. ఇంతమాత్రం తెలియనివారు వర్షంలో కారు తీయకూడదు. పైగా ఇప్పటి కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ ఉంది.

పాతస్టీరింగ్:
అది ఓవర్‌స్టీర్ పసిగట్టి మలుపుకు బయటివైపున్న ముందు చక్రానికి బ్రేకు వేస్తుంది. ఉన్న పట్టును పంచగలదే గాని, లేని పట్టును పుట్టించలేదు.

తడిదారి:
నాకు నడపడం రాదనే అనుకుందాం. మీ కారు మీ ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా?

ముందుచక్రం:
మా అమ్మాయి నడుపుతుంది, ఈమధ్యే నేర్చుకుంది. అయితే ఏమిటి? జారడమంటే ఏమిటో నేర్పించాలి గాని, నేర్చుకోనివారి కోసమని కారును మొద్దుగా మార్చుకుంటూ పోతే డ్రైవింగ్ ఎవరికీ రాదు.

తడిదారి:
మీకూ నాకూ పేచీ అక్కడే ఉంది. కారును నడపగలిగినవారి కోసం అమర్చాలని మీరంటున్నారు, బెదిరిపోయే మనిషి కోసం అమర్చాలని నేనంటున్నాను. నేర్పించడం మంచిదే, ఖాళీ మైదానంలో నీళ్లు పోసి మరీ నేర్పండి. కానీ మీరు చెప్పిన ఆ యాక్సిలరేటర్ కిటుకు, అర సెకనులో ఆ అమ్మాయి కాలికి తట్టాలి. ఇక బ్రేకు సంగతి: సగం అరిగిన టైర్లు ముందుంటే తడిలో ఆగే దూరం కొంత పెరుగుతుంది, నేను కాదనను. అయితే ఆ దూరం ముందున్న వాహనానికి ఎడం పాటించి సర్దుకోగలిగినది. వెనక జారడాన్ని అలా ముందే సర్దుకోలేం.

ముందుచక్రం:
మైదానంలో నేర్పేటప్పుడైనా వెనక అరిగిన టైర్లే ఉండాలి కదా, లేకపోతే ఏం జారుతుంది?

నిదానం:
గేజీ పెట్టి ట్రెడ్ లోతు, అంటే టైరు మీది గాడుల లోతు, కొలిచారా? చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ., కానీ నీళ్లలో పట్టు అంతకంటే ముందే పడిపోతుంది. వెనకవి 4 మి.మీ. దాటి ఉంటే వాటిని ముందుకు తెచ్చుకోండి. ముందు త్వరగా అరుగుతాయి గనుక ఈసారి మార్చాల్సినవి అవే అవుతాయి. అప్పుడు ఇప్పటి కొత్తవి ముందుకు వస్తాయి, ఏ జతా ఏళ్ల తరబడి వెనక పడి ఎండిపోదు.

ముందుచక్రం:
కొలిచి చెబుతాను. 4 మి.మీ. కంటే తక్కువ ఉంటే మాత్రం కొత్తవి ముందే వేయిస్తాను, వేరే దుకాణంలోనైనా సరే.

తడిదారి:
తక్కువ ఉంటే అవి అసలు వెనక ఉండకూడదనే కదండీ ఇంతసేపూ చెబుతున్నది!