అనిమే అంటే పిల్లల బొమ్మలేనా?

ప్రశ్న: నేను అనిమే (జపాను యానిమేషన్ చిత్రాలు, ధారావాహికలు) చూస్తుంటే, ఈ వయసులో బొమ్మల సినిమాలేమిటని పెద్దవారు నవ్వుతారు, స్నేహితులేమో అదంతా కొట్లాటలు, అసభ్యతేనని తేల్చేస్తారు. వీరికి మర్యాదగా ఏమని బదులివ్వవచ్చు?

సమాధానం 1: ఆ రెండు ఆరోపణలూ ఒకదానికొకటి పొసగవని ముందుగా గుర్తుచేయండి. ఉదాహరణకు 1988 ఏప్రిల్ 16 ఒక్కటి చాలు. ఆ రోజు జపానులో జిబ్లీ స్టూడియో చిత్రాలు రెండు జంటగా విడుదలయ్యాయి. హయావో మియాజాకి తీసిన ‘మై నైబర్ టొటోరో’లో, తల్లి ఆసుపత్రిలో ఉండగా ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒక వింత వనప్రాణితో స్నేహం చేస్తారు, ఇసావో తకహాతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’లో, బాంబుదాడిలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో కృశించి మరణిస్తారు. రెండవది పసిపిల్లలకు చూపించమని నేనైతే చెప్పను.

సమాధానం 2: అసభ్యమైనవి లేవని మాత్రం వాదించకండి, ఉన్నాయి. అయితే 1969 నుంచి టీవీలో వస్తున్న ‘సజాయె-సాన్’ నిండా ఒక సాధారణ కుటుంబపు ముచ్చట్లే.

సమాధానం 3: పెద్దవారికి వాదన ఎందుకండీ? జపాను దర్శకుడు యుగో సాకో పూనికతో జపాను, భారతీయ కళాకారులు కలిసి రూపొందించిన రామాయణ చిత్రాన్ని చూపించండి. 2025లో అది తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది.