ఉబుంటులో ఎఫ్‌డీకే ఏఏసీ ఎక్కించినా "అన్‌నోన్ ఎన్‌కోడర్" అంటాంది, ఏం చేయాలన్నా?

మైదుకూరు పిల్లోడు:
అన్నలకు నమస్తే. మాది మైదుకూరు పక్కన పల్లె. మా జేజినాయన చెక్కభజన గురువు. 2009లో శ్రీరామనవమికి మా రామాలయం ముందర ఆయన జట్టు ఆడింటే ఊర్లో ఒకాయన వీడియో తీసి డీవీడీ చేసిచ్చినాడు. జేజినాయన పోయి మూడేండ్లయింది, ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే. దాని మీద గీతలు పడతాన్నాయని లోపల వీడియో ఉండే వీఓబీ ఫైళ్లన్నీ ఉబుంటు లినక్స్ ఉండే నా కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకున్నా. ఇప్పుడు ఎంపీ4 చేసి ఇంట్లో అందరి ఫోన్లకు పంపాల. మొదటిసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియోలు మార్చే ప్రోగ్రాంతో వీడియో మాత్రం మార్చి ఆడియోకి కాపీ (ఉన్నదున్నట్టే ఉంచు) అని పెడితే, కంప్యూటర్‌లో బాగానే వస్తాంది గానీ ఫోన్‌లో బొమ్మ కదులుతాంది, శబ్దం లేదు. యాడో చదివితే ఆడియోను ఏఏసీ రకంలోకి మార్చే ఎన్‌కోడర్లలో ఎఫ్‌డీకే ఏఏసీ అన్నిటికన్నా మంచిదని ఉండాది, ఆ లైబ్రరీ ఎక్కించినా, అయినా "అన్‌నోన్ ఎన్‌కోడర్" అనే ఎర్రర్. సరే అని రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అనే మూట (కోడెక్‌లు అంటే ఆడియో, వీడియో మార్చేవి, ఇంకా ఫాంట్లు ఉండేది) ఎక్కిద్దామంటే టెర్మినల్‌లో ఏదో లైసెన్సు పేజీ వచ్చి నిలబడిపోయింది, ఎంటర్ ఎంత కొట్టినా కదలదు. రెండు రాత్రులు దీంతోనే పోయినాయి, ఎవరన్నా దారి చెప్పండన్నా.

అనంతపురం లినక్స్:
ముందు ఆ లైసెన్సు పేజీ సంగతి. ట్యాబ్ కీ ఒకసారి నొక్కు తమ్ముడూ, కింద ఓకే అనే మాట రంగు మారుతాది, అప్పుడు ఎంటర్ కొట్టు. తర్వాత ఎస్, నో అడిగితే ఎస్ మీదికి పోయి మళ్లీ ఎంటర్. అది మైక్రోసాఫ్ట్ ఫాంట్ల లైసెన్సు, కోడెక్‌తో దానికి ఏ సంబంధమూ లేదు, చానా మంది అక్కడే ఇరుక్కుని విండో మూసేస్తారు, అట్ల మాత్రం చేయద్దు, సగంలో ఆగిపోతే తర్వాత ఏది ఎక్కించబోయినా డీపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం) ఎర్రర్ వస్తాది.

ఇంక ఎఫ్‌డీకే. లైబ్రరీ ఎక్కించినంత మాత్రాన ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని వాడుకోలేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను కంపైల్ చేసేటప్పుడే (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసేటప్పుడే) ఫలానాది కలపమని చెప్పింటేనే ఆ ఎన్‌కోడర్ లోపలికి వస్తాది. ఉబుంటు వాళ్లు ఇచ్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఎక్స్264 అనే వీడియో ఎన్‌కోడర్ ఉండాది, దానిది జీపీఎల్ లైసెన్సు, ఎఫ్‌డీకే లైసెన్సు దానికి పొసగదు. రెండూ కలిపి కట్టిన ప్రోగ్రాంను నీ ఇంట్లో వాడుకోవచ్చు గానీ ఊరికంతా పంచకూడదు, అందుకే వాళ్లు కలపరు. కావాలంటే సోర్స్ తెచ్చుకొని నాన్‌ఫ్రీ అనే ఆప్షన్ పెట్టి నువ్వే కంపైల్ చేసుకోవాల, కానీ నీకు ఆ అవసరమే లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో సొంత ఏఏసీ ఎన్‌కోడర్ ఉండాది, 2016లో 3.0 వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని బాగా సరిచేసినారు, అంతకు ముందు ప్రయోగాత్మకం అని రాసుండేది. నువ్వు చదివింది ఆ కాలంనాటి సలహా అయ్యుంటాది. కమాండ్‌లో మైనస్ సీ కోలన్ ఏ అని ఉండేకాడ కాపీ తీసేసి ఏఏసీ అని పెట్టు, చాలు. కొత్తగా ఎక్కించాల్సింది ఏమీ లేదు.

కర్నూలు వీడియో స్టూడియో:
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను పెండ్లి డీవీడీలు మార్చి ఇస్తాంటా కాబట్టి ఇంకొంచెం చెప్తా. ఏదన్నా ఎక్కించే ముందు ఫైల్‌లో ఏముందో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో చూసుకో తమ్ముడూ. డీవీడీ కాబట్టి ఆడియో ఏసీ3 (డాల్బీ రకం), 48000 హెర్ట్జ్ అని చూపిస్తాది. ఆ ఏసీ3ని విప్పే డీకోడర్ చానా ఫోన్లలో ఉండదు, నువ్వు కాపీ అని పెట్టినందుకు ఆ ఏసీ3నే ఎంపీ4లో పోయి కూర్చుంది, అందుకే బొమ్మ వస్తాంది శబ్దం రాలేదు. నీ ఫైల్ చెడిపోలేదు, దిగులు పడొద్దు.

చెక్కభజన కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాన్నా, బిట్‌రేట్ (సెకనుకు ఎన్ని కిలోబిట్లు అనేది) తగ్గించొద్దు. మాటలకైతే 96 పెట్టినా జరిగిపోతాది. చెక్కకు చెక్క తగిలేటప్పుడు టక్కుమని వచ్చే దెబ్బ ఉండాది చూడు, బిట్‌రేట్ చాలకపోతే ఆ దెబ్బకు ముందే సన్నగా బుస్సుమని ఒక శబ్దం పుడతాది, దెబ్బ పదును పోయి మెత్తగా అయిపోతాది. గజ్జెల గలగల కూడా ఇసుక రాలినట్టు వినపడతాది. 256 పెట్టుకో, 48000 హెర్ట్జ్ అట్లే ఉంచు, 44100కి మార్చొద్దు.

ఇంకోటి, వీఓబీలను ఒక్కొక్కటీ విడిగా మార్చి తర్వాత అతికించొద్దు. డీవీడీలో ఒక్కో ఫైలు 1 జీబీ దాటకుండా ముక్కలు చేసింటారు, పాట మధ్యలోనే తెగింటాది. చివర్లో 1, 2, 3 అని ఉండేవాటిని వరసగా క్యాట్ కమాండ్‌తో ఒకే ఫైల్ చేసి అప్పుడు మార్చు, సున్నా ఉండేది మెనూ, దాన్ని వదిలెయ్. చెయ్యి కదిలినప్పుడు బొమ్మలో దువ్వెన పండ్ల మాదిరి గీతలు కనపడితే యాడిఫ్ ఫిల్టర్ వేసుకో.

ధర్మవరం:
ఎఫ్‌డీకే అసలు వద్దంటే నేను ఒప్పుకోనన్నా. ఎఫ్ఎఫ్ఎంపెగ్ సొంత ఎన్‌కోడర్ హెచ్‌ఈ ఏఏసీ (తక్కువ బిట్‌రేట్‌కు పనికొచ్చే రకం) చేయలేదు, ఉత్త ఎల్‌సీనే (మామూలు ఏఏసీ). 48, 64లో చిన్న ఫైల్ కావాలంటే ఎఫ్‌డీకే కంపైల్ చేసుకోవాల్సిందే, వాట్సాప్‌లో పంపేటోళ్లకు అది పనికొస్తాది.

కర్నూలు వీడియో స్టూడియో:
హరికథకో ఉపన్యాసానికో అయితే నీ మాట నిజమే. హెచ్‌ఈలో పైస్థాయి శబ్దాన్ని పూర్తిగా దాచరు, కింది శబ్దం నుంచి దాన్ని మళ్లీ తయారు చేస్తారు. ఆ పిల్లోనికి కావాల్సింది వాళ్ల జేజినాయన చేతిలో మోగిన గజ్జె, తయారు చేసింది కాదు. పైగా ఇరవై నిమిషాల వీడియోలో ఆడియో 256 పెడితే నలభై ఎంబీ కూడా రాదు, సైజు తినేది బొమ్మ. తగ్గించాలంటే అక్కడ తగ్గించుకోవాల.

మైదుకూరు పిల్లోడు:
అన్నా వచ్చింది!! ట్యాబ్ కొడితే ఆ పేజీ పోయింది. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో మీరు చెప్పినట్లే ఏసీ3, 48000 అని ఉండాది. క్యాట్‌తో కలిపి ఏఏసీ 256తో చేసినా, మూడో చరణం కాడ ఇంతకు ముందు తెగిపోయేది ఇప్పుడు ఆగకుండా పోతాంది. మా జేజి ఫోన్ చెవి కాడ పెట్టుకొని, కుడిపక్క మోగేవి ఆయన చెక్కలు, ఎడమపక్కవి మీ చిన్నాయనవి అని చెప్పింది, నాకు ఆ తేడానే తెలీదు. ఒకటి అడగాల, ఇప్పుడు ఆ వీఓబీలు తీసేయొచ్చా? పది జీబీ కూడా ఖాళీ లేదు.

కర్నూలు వీడియో స్టూడియో:
తీసేయొద్దు, తీసేయొద్దు. అసలు శబ్దం అందులోనే ఉండాది, ఎంపీ4 దాని నుంచి చేసిన నకలు, రేపు ఇంకో రకంగా మార్చాల్సి వస్తే మళ్లీ వీఓబీ నుంచే చేయాల. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఒక హార్డ్‌డిస్క్‌లో వేసి, ఇంకో కాపీ మీ చిన్నాయన ఇంట్లో పెట్టించు.