పుర్రెలో ఉండేది రంధ్రమా, బెజ్జమా, చిల్లా?

ప్రశ్న: పుర్రె ఎముకల మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘ఫొరామెన్’కి రంధ్రం అంటే మరీ పుస్తక భాషలా ఉంది. బెజ్జం, చిల్లు నప్పుతాయా? కొన్ని ఫొరామెన్లు కొందరిలో ఉండనే ఉండవు. దాన్ని ‘లోపం’ అనొచ్చా?

జవాబు: చిల్లు మాత్రం వద్దండీ. కుండకి చిల్లు, గొడుగుకి చిల్లు అంటాం. ఉండకూడని చోట పడితేనే అది చిల్లు. ఇవి నరాలకీ రక్తనాళాలకీ ఎముకలో ఉన్న దారులు. నెత్తి వెనకభాగంలో, నడిమి అతుకుకి అటూ ఇటూ సన్నని రంధ్రాలుంటాయి. పుర్రె లోపలి సిరనీ బయటి సిరలనీ కలిపే చిన్న సిర వాటిలోంచి పోతుంది. కొందరికి రెండు వైపులా, కొందరికి ఒకవైపే, కొందరికి అసలుండవు. ఇందులో జబ్బేమీ లేదు. రిపోర్టులో ‘పుర్రెకి చిల్లు’ అని చదివినవాళ్లు హడలిపోరూ?

మరో జవాబు: నా ఓటు బెజ్జానికి. సూది బెజ్జం, చెవి బెజ్జం, ఏదైనా దూరడానికే కదా! మెదడు పొరలకి వెళ్లే ధమని స్పైనోసమ్ అనే బెజ్జంలోంచి లోపలికి వస్తుంది. ఆ ధమని కంటి ధమని నుంచి పుట్టినవాళ్లలో ఆ బెజ్జమే లేకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: మాట బాగుందండీ, కానీ ‘ఫొరామెన్ ఒవేలే’ని ‘అండాకార బెజ్జం’ అంటే నోరు తిరగడం లేదు. సమాసాల్లో రంధ్రమే ఉంచుతాను. మరి ఎముక అంచున ఉండే ‘నాచ్’కి గంటు అనొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: గంటు అంటే కత్తి పెట్టినట్టుంటుంది. ‘నొక్కు’ అనండి. కనుబొమ కింది ఎముక అంచున, ముక్కు వైపు నుంచి వేలితో మెల్లగా తడుముతూ పోండి, చాలామందికి చిన్న నొక్కు తగులుతుంది. ఆ నొక్కు కింద ఎముక కలిసిపోతే అదే రంధ్రం. ఒకే పుర్రెలో ఒక కంటిపైన నొక్కు, రెండో కంటిపైన రంధ్రం ఉండొచ్చు.

ఇక ‘లోపం’ అనకండి, ‘భేదం’ చాలు. 16వ శతాబ్దపు శరీరశాస్త్రవేత్త వెసేలియస్ పేరుతో పిలిచే రంధ్రం చాలామందిలో ఉండదు. అలాగని వదిలేయడానికీ లేదు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం నొప్పికి చికిత్స చేసేటప్పుడు సూదిని పక్కనే ఉన్న అండాకార రంధ్రంలోకి పంపుతారు. అది దారితప్పి ఇందులోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే నోట్సులో ‘కొందరిలో ఉంటుంది’ అని ముందే రాయండి.