వేబ్రిడ్జి తూకం వైఫైలో ఆఫీసుకు రావడంలా, ఎవరన్నా చెప్పండి

చిత్తూరు తూకం:
పొద్దున ఆరు నుంచి దీంతోనే కూర్చోనుండా. తూకం అంకెలు చూపించే ఇండికేటర్ వెనక సీరియల్ పోర్టుకి వైఫై కన్వర్టర్ తగిలించి, ఆఫీసు కంప్యూటర్లో వర్చువల్ కామ్ పోర్టు (వైఫైలో వచ్చేదాన్ని కేబుల్లో వచ్చినట్టే చూపించేది) పెట్టినా. పింగ్ పోతా ఉంది, అంటే కన్వర్టర్ నెట్‌వర్క్‌లో పలకతా ఉంది. తూకం మాత్రం రాలా. తోతాపురి సీజను, ట్రాక్టర్లు గేటు బయట దాకా నిలబడుండాయి. పిలగాడు ఒక్కో తూకం చీటీ మీద రాసుకోని ఆఫీసుకి పరిగెత్తతా ఉండాడు.

తిరుపతి నెట్‌వర్క్:
ఇండికేటర్లో బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, ఎంత? కన్వర్టర్లో ఎంత పెట్టినారు?

పాత టెక్నీషియన్, పలమనేరు:
నాయనా, కదలని కాటాకి వైఫై ఎందుకు? లారీ అంత ఇనుము మధ్యలో నిలబడితే సిగ్నల్ ఏం నిలుస్తుంది? మామూలు సీరియల్ లైను, ఆర్‌ఎస్-232 కేబుల్ని 15 మీటర్లు దాటించలేం, ఒప్పుకుంటా. దానికే గదా దూరం లాగే సీరియల్ లైను ఆర్‌ఎస్-485 ఉండేది, 1200 మీటర్లు పోతుంది. ఒక పాల చిల్లింగ్ సెంటర్లో నేను లాగిన లైను ఈరోజుకీ పనిచేస్తా ఉంది. రెండు కొసల్లో 120 ఓముల రెసిస్టర్ మాత్రం మరవద్దు.

చిత్తూరు తూకం:
రెండు పక్కలా 9600 సార్. ఆఫీసు 80 మీటర్లు. ఇప్పుడు గుంత తవ్వి కేబుల్ వేసే టైము లేదు పెద్దాయనా. సీరియల్ పోర్టు తొమ్మిది పిన్నుల కనెక్టర్, డీబీ9 పిన్నులు మూడుసార్లు చూసినా.

మదనపల్లె సర్వీస్:
అది డీబీ9 కాదు, డీఈ9. డీబీ అంటే 25 పిన్నులది. డేటా పంపేదీ, తీసుకునేదీ, ఆ 2, 3 పిన్నులు క్రాస్ చేసినావా?

పాత టెక్నీషియన్, పలమనేరు:
అంగడికి పోయి డీఈ9 ఇవ్వమంటే ఎవరిస్తారయ్యా? ముప్పై ఏండ్లుగా డీబీ9 అనే కొంటా ఉండా.

మదనపల్లె సర్వీస్:
అందరూ తప్పు పలికితే ఒప్పయిపోదు.

తిరుపతి నెట్‌వర్క్:
ఆ పేరు గొడవ తర్వాత. బొత్తిగా ఏమీ రావడం లేదా, తప్పుగా వస్తా ఉందా?

చిత్తూరు తూకం:
పిచ్చి అక్షరాలు వస్తా ఉండాయి సార్. పొద్దున మొదటి ట్రాక్టర్ 5360 కరెక్టుగానే వచ్చింది, అందుకే సెట్టింగులు సరిగ్గానే ఉండాయనుకున్నా. తర్వాత లారీ 12480కి సున్నా ఒక్కటే బాగుంది, ముందు నాలుగూ పిచ్చివే.

కుప్పం:
7, ఈవెన్, 1 పెట్టు.

తిరుపతి నెట్‌వర్క్:
చిత్తూరు, పిచ్చి అక్షరాల మాట మొదటే చెప్పుంటే గంట మిగిలేది. కుప్పం చెప్పింది సరే. ఇండికేటర్ ఒక్కో అక్షరాన్ని ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ (ఒకట్లు సరి సంఖ్య అయ్యేలా కలిపే తనిఖీ బిట్), ఒక స్టాప్ బిట్‌తో పంపిస్తా ఉంది. మీ కన్వర్టర్ 8, నన్, 1లో, అంటే ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా ఉండాది, పారిటీ బిట్‌ని కూడా అక్షరంలో కలిపేస్తుంది. 0, 3, 5, 6, 9 అంకెల కోడుల్లో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటాయి, పారిటీ సున్నా, కాబట్టి చెడవు. 1, 2, 4, 7, 8 చెడతాయి. 5360లో అన్నీ చెడని అంకెలే, అందుకే మిమ్మల్ని నమ్మించింది. కన్వర్టర్ పేజీలోనే మార్చండి. ఇండికేటర్ మీద తూనికల శాఖ సీలు ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

చిత్తూరు తూకం:
12480 వచ్చింది సార్! కుప్పం అన్నా, నీకూ థాంక్స్. బండ్లు వదలతా ఉండా, మళ్ళా వస్తా.

పాత టెక్నీషియన్, పలమనేరు:
సంతోషం. సీజను అయినాక 485 సంగతి చూడు నాయనా. 80 మీటర్లే గదా.