ఐరన్ త్రీ సల్ఫేట్‌లో ఆ ‘త్రీ’ దేనికి?

ప్రశ్న: ఫెర్రిక్ సల్ఫేట్‌ని ఐరన్ త్రీ సల్ఫేట్ అంటారు కదా సర్. ఫార్ములాలో మూడు సల్ఫేట్లు ఉన్నాయనేనా పేరులో ఆ రోమన్ అంకె (III)?

జవాబు: కాదమ్మా. అది ఐరన్ అయాన్ (విద్యుదావేశం ఉన్న కణం) మీది ఆవేశం, 3+. ఇక్కడ సల్ఫేట్లు కూడా మూడే కావడంతో చాలామంది పొరబడతారు. సీరియం ఫోర్ సల్ఫేట్ చూడు: అంకె నాలుగు, సల్ఫేట్లు రెండే.

సల్ఫేట్ అయాన్ ఆవేశం ఎప్పుడూ 2−. సల్ఫర్ ఆక్సీకరణ సంఖ్య (లెక్క కోసం పరమాణువుకి ఇచ్చే ఆవేశం) +6, నాలుగు ఆక్సిజన్లవి కలిపి −8, మిగిలేది −2. దీని ఆధారంగానే లోహం ఆవేశం తీయాలి. ఫెర్రిక్ సల్ఫేట్‌లో రెండు ఐరన్లు, మూడు సల్ఫేట్లు. మూడు రెళ్ళు ఆరు, అంటే 6−. ఎదురుగా 6+ ఉండాలి. రెండు ఐరన్లకి పంచితే తలా 3+. ఫెర్రస్ సల్ఫేట్‌లో ఒకటికి ఒకటి, కాబట్టి ఐరన్ టూ.

పేరు ఇచ్చి ఫార్ములా అడిగితే ఆవేశాల అంకెలు అటుదిటు, ఇటుదటు కింద రాయి. కాపర్ టూ సల్ఫేట్‌కి 2, 2 వస్తాయి. కొట్టేసి 1, 1 చెయ్యి. సల్ఫేట్ ఒకటి మించితే బ్రాకెట్ తప్పనిసరి. లేకపోతే ఆక్సిజన్ కింది 4 పక్కన 3 చేరి 43 ఆక్సిజన్లవుతాయి!

ప్రశ్న: మరి సోడియం సల్ఫేట్‌కి అంకె రాయరేం? సోడియం బైసల్ఫేట్‌లో ఒక్క సోడియమే ఉందేం?

మరొకరి జవాబు: సోడియం ఎప్పుడూ 1+, మెగ్నీషియం, కాల్షియం 2+, అల్యూమినియం 3+. మారనిదానికి అంకె అక్కర్లేదు. బైసల్ఫేట్ వేరే అయాన్: సల్ఫేట్‌కి ఒక హైడ్రోజన్ అయాన్ చేరి ఆవేశం 1−కి తగ్గింది, అందుకే ఒక సోడియం చాలు. సల్ఫైట్, సల్ఫైడ్‌లకీ 2−యే. కాబట్టి ఆవేశం చూసి పేరు పెట్టొద్దు, ఆక్సిజన్లు లెక్కపెట్టు: సల్ఫేట్‌కి నాలుగు, సల్ఫైట్‌కి మూడు, సల్ఫైడ్‌కి అసలు ఉండవు.

ఇంకో మాట, ల్యాబ్‌కి పనికొస్తుంది. సీసాలో ఉండే పచ్చటి అన్నభేది ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్, అంటే ఏడు నీటి అణువులతో ఉన్నది. దాని మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు, గ్రాముల్లో) నీళ్లు లేనిదానికి వచ్చే 152 కాదు, 278. 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్) ద్రావణం 100 మి.లీ.కి 2.78 గ్రాములు తూచాలి, 1.52 తూస్తే 0.055 మోలారే వస్తుంది. నీళ్లలో ముందుగా కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఆ తర్వాతే అన్నభేది వెయ్యి. లేకపోతే గాలికి 2+ ఐరన్ 3+ అయి, ద్రావణం పసుపు, గోధుమ రంగుకి తిరుగుతుంది. ఏ రోజుకారోజు కలుపుకోవడమే మేలు.